కార్ల్‌సన్ వెనక ఎవరున్నారు?

ఐస్ హాకీలో డిఫెన్స్‌మన్‌గా, అంటే బ్యాక్‌గా ఆడే ఎరిక్ కార్ల్‌సన్‌ను మొదటిసారి చూసినప్పుడు మావయ్య అన్న మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది. "వీడు బ్యాకా? మరి గోలు ముందర ఎవడూ లేడేంట్రా?"

అది 2023 సంక్రాంతి. బ్రాడీపేటలో మా ఇంటి హాల్లో పొద్దున తొమ్మిదింటికి టీవీలో అప్పటి కార్ల్‌సన్ జట్టు శాన్ హొసే మ్యాచ్ వస్తోంది. అక్కడ అప్పటికి రాత్రి ఏడున్నర. అమ్మ పళ్ళెంలో అరిసెలు పెట్టిచ్చింది. మావయ్య ఒక అరిసె విరిచి చేత్తో పట్టుకున్నాడు గానీ నోట్లో పెట్టుకోలేదు, తెర వంకే చూస్తున్నాడు. ఐస్ హాకీ చూడటం ఆయనకదే మొదలు. కానీ హాకీ కొత్త కాదు. బెజవాడ రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు, సర్వీసులో ఉండగా పదేళ్ళ పాటు హాకీ జట్టుకి లెఫ్ట్ బ్యాక్. గడ్డి తక్కువ, మట్టి ఎక్కువ ఉండే గ్రౌండు మీద ఆడిన మనిషి. ఎడమ కాలి చిటికెన వేలు ఇప్పటికీ వంకరగానే ఉంటుంది. బంతి తగిలి విరిగితే సరిగ్గా కట్టు కట్టించుకోలేదట, మర్నాడు డ్యూటీ ఉందని.

నేను 2014 నుంచి 2017 దాకా కెనడాలో, ఒటావాలో ఉన్నాను. అప్పుడు కార్ల్‌సన్ ఒటావా జట్టుకి ఆడేవాడు. చదువు రెండేళ్ళు, ఉద్యోగం ఏడాది పైచిలుకు. ఇప్పుడు గుంటూరులో నాన్న మొదలుపెట్టిన మిర్చి కమీషన్ వ్యాపారం చూసుకుంటున్నాను. ఒటావా నుంచి నేను వెంట తెచ్చుకున్నవాటిలో నాకు అన్నిటికంటే విలువైంది కార్ల్‌సన్ ఆట చూసిన మూడేళ్ళు. అందుకే మావయ్య ఆ మాట అనగానే నాకు రోషం వచ్చింది. ఆ రోషం ఇద్దరి మధ్యా ఇన్నేళ్ళు సాగే వాదన అవుతుందని అప్పుడు అనుకోలేదు.

ఐస్ హాకీ తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు. ఒక్కో జట్టుకి గోలీ (గోల్‌కీపర్) కాక ఐదుగురు: ముగ్గురు ఫార్వర్డ్‌లు, ఇద్దరు డిఫెన్స్‌మన్‌లు. మంచు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు, చుట్టూ గోడ. బంతి బదులు రబ్బరు పక్. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. ఆటగాళ్ళు ముప్పావు నిమిషం ఆడి బెంచీ మీదకి పోతారు, వేరేవాళ్ళు దిగుతారు. 2015-16లో కార్ల్‌సన్ మ్యాచ్‌కి సగటున దాదాపు 29 నిమిషాలు ఆడాడని నేను గొప్పగా చెబితే మావయ్య, "సగం సేపు కూర్చునే ఉన్నాడన్నమాట. మేం డెబ్భై నిమిషాలూ గ్రౌండులోనే" అన్నాడు. ఆ ముప్పావు నిమిషంలో ఒంట్లో ఉన్న ఊపిరంతా ఖర్చయిపోతుందని, అరవైలో సగం మోయడం ఆ ఆటలో చాలా అరుదని అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది.

మంచు మీద కాలు కదిపి చూసుకుంటే తప్ప ఆ కష్టం తెలియదు. ఒటావా నడిబొడ్డున రిడో కాలవ ఉంటుంది. చలికాలంలో గడ్డకడితే 7.8 కిలోమీటర్లు స్కేట్లు కట్టుకుని పోవచ్చు. బెజవాడలో బందరు కాలవ వంతెన మీంచి చూస్తూ పెరిగినవాడికి కాలవ మీద జనం జారుకుంటూ ఆఫీసుకి పోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. నేను ముందుకి జారడం ఒక చలికాలంలో నేర్చుకున్నాను. వెనక్కి జారడం రెండో చలికాలం అయిపోయినా సరిగ్గా రాలేదు. డిఫెన్స్‌మన్ బతుకంతా వెనక్కి జారడమే. మీదికొచ్చే మనిషిని కళ్ళతో పట్టి ఉంచి, అతను మళ్ళిన వైపుకి తుంటి తిప్పి, అదే వేగంతో ముందుకి మారాలి. కార్ల్‌సన్ ఆ మార్పు చేసేటప్పుడు ఆగినట్టే ఉండదు. స్కేటు అంచు మీద ఒరిగి, వెనక్కి పోతున్నవాడల్లా ముందుకి పోతుంటాడు. ఎక్కడ తిరిగాడో కంటికి దొరకదు.

నేను స్టేడియంలో ఎప్పుడూ పై అంతస్తులో, మూడొందల నంబరు సీట్లలోనే కూర్చునేవాణ్ణి. టికెట్టు తక్కువ. స్టేడియం ఊరికి పడమటి కొసన కనాటాలో. చలిలో బస్సు కోసం నిలబడి, మళ్ళీ బస్సు దిగి నడిచి పోయేసరికి చెవులు మనవి కావు. కానీ అంత పైనుంచి చూడటం నా అదృష్టం. టీవీ కెమెరా పక్ వెంట పోతుంది. కార్ల్‌సన్ చేసే పనిలో సగం పక్ అతని దగ్గరికి రాకముందే అయిపోతుంది.

ఉదాహరణకి ఇది. ఎదుటి జట్టు పక్‌ని అతని వెనక మూలకి కొడుతుంది, ఇద్దరు మీదికి దూసుకొస్తారు. చాలామంది డిఫెన్స్‌మన్‌లు ఆ దెబ్బకి ఒళ్ళు బిగించి, పక్‌ని గోడ వెంబడి పైకి కొట్టి బయటపడతారు. ప్రమాదం తప్పుతుంది, పక్ మాత్రం మళ్ళీ ఎదుటివాళ్ళకే పోతుంది. కార్ల్‌సన్ మూలకి పోతూ పోతూ ఆ భుజం మీంచి ఒకసారి, ఈ భుజం మీంచి ఒకసారి వెనక్కి చూస్తాడు. ఎవడు ఎంత వేగంతో వస్తున్నాడో, తనవాళ్ళు ఎక్కడ ఖాళీగా ఉన్నారో ఆ రెండు చూపుల్లో లెక్క తేలిపోతుంది. పక్ అందుకునే ముందే భుజం ఒక పక్కకి వంచుతాడు. వెంటపడినవాడు ఆ పక్కకి పోతాడు. తను రెండో పక్క నుంచి లేచి అరవై అడుగుల పాస్ ఇచ్చేస్తాడు. ఎదుటివాళ్ళ ఇద్దరు మనుషులు మన మూలలో ఉండగా మనం ఐదుగురం వాళ్ళ ముగ్గురి మీదికి పోతాం.

నా వాదన అంతా ఇక్కడే ఉంది. పక్ మన దగ్గర ఉన్నంత సేపూ ఎదుటివాడు గోల్ కొట్టలేడు. గోలు ముందు నిలబడి పదిసార్లు మనిషిని తోసేవాడు ఎంత కాపాడాడో, ఆ పదిసార్లూ పక్ గోలు దాకా రాకుండా చేసినవాడూ అంతే కాపాడాడు. మొదటిది కనిపిస్తుంది, రెండోది జరగకుండా పోయింది కాబట్టి కనిపించదు.

దీనికి నేను మావయ్యకి చూపించిన మొదటి సాక్ష్యం 2017 ఏప్రిల్ 17, బోస్టన్‌తో ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్) సిరీస్‌లో మూడో మ్యాచ్, వాళ్ళ ఊళ్ళోనే. తన గోలు దగ్గర్లోంచి కార్ల్‌సన్ పక్‌ని గాల్లోకి లేపాడు. మధ్యలో ఉన్న అందరి తలల మీదుగా అది పోయి దూరపు బ్లూ లైన్ (ఎదుటివాళ్ళ భాగం మొదలయ్యే గీత) దగ్గర మైక్ హాఫ్‌మన్ ముందు పడింది. ఐస్ హాకీలో ఆఫ్‌సైడ్ ఉంది, పక్ కంటే ముందు మనిషి ఆ గీత దాటకూడదు. హాఫ్‌మన్ గీత దగ్గర, పక్ గాల్లో, రెండూ ఒకే క్షణానికి కలిశాయి. హాఫ్‌మన్ ఒక్కడే పోయి బోస్టన్ గోలీ తూకా రాస్క్‌ని దాటించి గోల్ కొట్టాడు. అప్పటికి కార్ల్‌సన్ ఎడమ మడమలో రెండు సన్నటి చీలికలు ఉన్నాయి. ఆ సంగతి ఆ సిరీస్ అయ్యాకే బయటికొచ్చింది.

మావయ్య ఆ పాస్ నాలుగుసార్లు వేయించుకుని చూశాడు. నేను చూడనిది ఆయన చూశాడు. "పాస్ సంగతి సరే. ఇచ్చేముందు వాడు తల దించాడా? దించలేదు. పక్ ఎక్కడుందో కర్ర చెబుతోంది వాడికి. ఇది నేర్పిస్తే వచ్చేది కాదబ్బాయ్" అన్నాడు. నా మనసు నిండిపోయింది. వెంటనే, "కానీ ఇది ఫార్వర్డ్ చెయ్యాల్సిన పని" అని కూడా అన్నాడు.

తర్వాత ఆయన వంతు. పేపరు పరిచి భోగిపళ్ళు పోయగా మిగిలిన రేగిపళ్ళు అటు ఐదు, ఇటు ఐదు పెట్టాడు. కార్ల్‌సన్‌కి కొంచెం ముదిరిన ఎర్రటి పండు. దాన్ని ముందుకి జరిపి, "ఇప్పుడు పక్ పోయింది అనుకో. వీడెక్కడున్నాడు? ఇక్కడ. బంతి ఎక్కడుంది? అక్కడ. మిగిలింది ఒక్కడు, మీదికొచ్చేది ఇద్దరు" అన్నాడు. ఆ తర్వాత నెల రోజులు నేను పంపిన వీడియోలన్నీ చూసి ఫోన్లో ఒక్కొక్కటే చెబుతూ వచ్చాడు. గోలు ముందు నిలబడ్డ మనిషిని కార్ల్‌సన్ కదపలేడు, బరువు చాలదు. కదపడానికి ఒళ్ళు పెట్టడు, కర్ర పెడతాడు. కర్ర తగిలితే అద్భుతం, తప్పితే మనిషి వెళ్ళిపోయినట్టే. పాస్ పోగొట్టుకున్న మరుక్షణం కొన్నిసార్లు ఒకటి రెండు అడుగులు ఊరికే జారతాడు, వెనక్కి తిరగడానికి మనసొప్పనట్టు. ఇది మావయ్యకి అన్నిటికంటే కోపం తెప్పించింది. "బ్యాక్ అన్నవాడికి మూడు కనిపించాలి. బంతి, మనిషి, తన గోలు. వీడికి గోలు కనిపించదు" అన్నాడు.

ఇందులో చాలా వరకు నిజమే. నేను అభిమానిని గానీ కళ్ళు మూసుకోలేదు. 2022-23 సీజన్ మొత్తం ఆ రెండు ముఖాలనీ ఒకే కాగితం మీద చూపించింది. కార్ల్‌సన్ 82 మ్యాచ్‌లు ఆడి 25 గోల్స్, 76 అసిస్టులు (గోల్‌కి దారితీసిన పాసులు), రెండూ కలిపి 101 పాయింట్లు తెచ్చాడు. డిఫెన్స్‌మన్ వంద దాటడం 1991-92లో బ్రయన్ లీచ్ తర్వాత అదే. బాబీ ఓర్, డెనిస్ పాట్విన్, పాల్ కాఫీ, అల్ మెకినిస్, లీచ్, ఆ తర్వాత కార్ల్‌సన్. చరిత్ర మొత్తం మీద ఆరుగురు. అదే ఏడాది అతని ప్లస్-మైనస్ 26 మైనస్. అంటే పవర్ ప్లే (ఎదుటి జట్టులో ఒకడు శిక్ష పడి బయట కూర్చున్న సేపు) గోల్స్ తీసేసి లెక్కిస్తే, అతను మంచు మీద ఉండగా తన జట్టు కొట్టినవాటికంటే తిన్నవి 26 ఎక్కువ. అయినా ఉత్తమ డిఫెన్స్‌మన్‌కిచ్చే నారిస్ ట్రోఫీ అతనికే వచ్చింది, 2012, 2015 తర్వాత మూడోసారి.

మావయ్యకి ఆ 26 దొరికింది. లెక్కల పుస్తకంలో తేడా దొరికిన ఆడిటర్‌లా దాన్ని వదల్లేదు. "నూటొకటి తెచ్చాడు సరే, నూట ఇరవై ఏడు పోగొట్టాడు."

అలా కూడకూడదని చెప్పాను. పాయింటు వేరు, ప్లస్-మైనస్ వేరు. ప్లస్-మైనస్‌లో ఐదుగురి పాపం ఒకడి నెత్తిన పడుతుంది, గోలీ పాపం కూడా. ఆ ఏడు శాన్ హొసే 82 మ్యాచ్‌లలో గెలిచింది 22. ముందు వేసవిలోనే బ్రెంట్ బర్న్స్‌ని కరొలైనాకి ఇచ్చేశారు. ఫిబ్రవరిలో వాళ్ళ ముఖ్యమైన ఫార్వర్డ్ తీమో మైయర్‌ని కూడా పంపేశారు. అలాంటి జట్టులో గోల్ రావాలంటే ఈయన ముందుకి పోవాల్సిందే. ప్రతి మ్యాచ్‌లో వెనకబడి ఉంటే ఇంటి దగ్గర కాపలా కాసి ఏం లాభం? ఇదంతా నిజం. కానీ ఒక మాట నేను అప్పుడు మావయ్యతో అనలేదు, ఇక్కడ రాస్తున్నాను. ఆ సీజన్‌లో కొన్ని గోల్స్ నేను చూశాను. పక్ పోయాక కార్ల్‌సన్ వెనక్కి వస్తున్న తీరు చూసి, ఇతను ఒటావాలో నేను చూసిన మనిషి కాదు అనిపించింది. తప్పు చేసినందుకు కాదు. అదే తప్పు ఒటావాలోనూ చేసేవాడు. అక్కడ దాన్ని సరిదిద్దుకునేవాడు.

మిర్చి యార్డులో మేం రైతుకి పంట రాకముందే పెట్టుబడికి డబ్బులిస్తాం. సరుకు వచ్చాక రాబట్టుకుంటాం. రాబట్టుకునే సత్తా ఉన్నంత కాలం అది ధైర్యం, అది పోతే అదే డబ్బు మునక. కార్ల్‌సన్ ముందుకి పోవడం అలా ఇచ్చిన డబ్బే. అతని కాళ్ళు దాన్ని రాబట్టేవి. పక్ పోయిందా, నాలుగు అడుగుల్లో గాలిలా వెనక్కి వచ్చి ఆ ఫార్వర్డ్ కర్ర కింద నుంచి దాన్ని లాగేసేవాడు. అతని బలహీనతని అతని బలమే మోసేది. అందుకే ఒటావాలో ఉన్నన్నాళ్ళూ ఆ బలహీనత ఎంత పెద్దదో మాకు తెలియలేదు.

ఆ కాళ్ళకి ఏమైందో కూడా చెప్పాలి. 2013 ఫిబ్రవరి 13న పిట్స్‌బర్గ్‌తో మ్యాచ్‌లో మ్యాట్ కుక్ స్కేటు అంచు తగిలి ఎడమ మడమ వెనక స్నాయువు సుమారు 70 శాతం తెగింది. కెరీర్ అయిపోయిందనుకున్నారు. ఏప్రిల్‌లోనే తిరిగొచ్చాడు. మరుసటి ఏడు సోచీ ఒలింపిక్స్‌లో స్వీడన్‌కి రజతం వచ్చినప్పుడు ఉత్తమ డిఫెన్స్‌మన్ అతనే. 2015-16లో 82 మ్యాచ్‌లకి 82 పాయింట్లు, 66 అసిస్టులతో ఎన్‌హెచ్‌ఎల్ (ఈ జట్లన్నీ ఆడే ఉత్తర అమెరికా లీగ్) మొత్తానికీ మొదటివాడు. 2017లో మడమ చీలికలతో ప్లేఆఫ్స్ ఆడాడు. 19 మ్యాచ్‌లలో 18 పాయింట్లు. మే 25న పిట్స్‌బర్గ్‌తో ఏడో మ్యాచ్ రెండో ఓవర్‌టైమ్ దాకా పోయి, క్రిస్ కునిట్స్ గోల్‌తో ముగిసింది. ఆ రాత్రి ఒటావాలో మా గదిలో నలుగురం ఉన్నాం. చాలాసేపు ఎవరమూ లైటు వెయ్యలేదు. జూన్‌లో అతనికి ఎడమ పాదానికి ఆపరేషన్ చేసి చీలమండ దగ్గర ఎముక కొంత తీశారు. ఆగస్టులో నేను ఇండియాకి వచ్చేశాను.

2016-17లోనే అతను 201 షాట్లకి అడ్డుపడ్డాడు. లీగ్‌లో క్రిస్ రస్సెల్ తర్వాత అతనే. ఒళ్ళు పెట్టడు అన్న మావయ్య మాటకి నేను ఈ అంకెతో జవాబు చెప్పాను. మావయ్య కాసేపు ఆలోచించి, "అన్నిసార్లు అడ్డుపడాల్సి వచ్చిందంటే బంతి అన్నిసార్లు వాళ్ళ దగ్గరే ఉంది కదా. నువ్వేమో పక్ మన దగ్గరే ఉంచుతాడు అంటున్నావు" అన్నాడు. అది నా వాదనకి గట్టి దెబ్బే. ఆ ఏడు కోచ్ గీ బూషే జట్టుని ముందొకడు, మధ్యలో ముగ్గురు, వెనకొకడుగా నిలబెట్టి ఎదుటివాళ్ళని కాచుకుని ఆడించాడు. అందులో పక్ ఎదుటివాళ్ళ దగ్గర ఉండే సేపు ఎక్కువే. చెబితే చేస్తాడు, చెయ్యలేక కాదు, అన్నంత వరకే ఆ అంకె రుజువు చేస్తుంది. దానికి మించి నేను వాడుకోకూడదు.

అప్పుడు మావయ్య అడిగిన ప్రశ్నే ఈ పోస్టు రాయించింది. "సరే, ముందుకి పోతాడు, తప్పులేదు. వీడు పోయినప్పుడు వెనక నిలబడేది ఎవడు? వాడి పేరు ఒక్కసారి కూడా చెప్పలేదు నువ్వు."

నిజంగానే చెప్పలేదు. నెలల తరబడి వాదించుకున్నాం, వందల వీడియోలు చూశాం, ఆ పేరు నా నోట రాలేదు. మార్క్ మెథాట్. మూడో నంబరు. 2012 నుంచి ఐదేళ్ళు కార్ల్‌సన్ పక్కన ఎడమ వైపు ఆడినవాడు. ఒటావాలోనే పుట్టాడు. ఏడాదికి పది, పదిహేను పాయింట్లు వస్తే గొప్ప. నేను స్టేడియంలో ఉన్న రోజుల్లో అతని పేరున్న చొక్కా వేసుకున్నవాళ్ళు ఎప్పుడోగానీ కనిపించేవాళ్ళు కాదు. 65 నంబరు కార్ల్‌సన్ చొక్కాలు మాత్రం వరసలకి వరసలు.

2017 మార్చిలో సిడ్నీ క్రాస్బీ కర్ర తగిలి మెథాట్ చిటికెన వేలి కొస నుజ్జయింది. సీజన్‌లో మిగిలిన మ్యాచ్‌లు పోయాయి, ప్లేఆఫ్స్‌కి తిరిగొచ్చి ఆడాడు. ఆ జూన్‌లో లాస్ వేగస్ కొత్త జట్టు కోసం జరిపిన ఎంపికలో అతన్ని వాళ్ళు తీసుకుపోయారు. మరుసటి సీజన్ కార్ల్‌సన్ 71 మ్యాచ్‌లలో 62 పాయింట్లు తెచ్చాడు, ప్లస్-మైనస్ 25 మైనస్. ఒటావా 31 జట్లలో 30వది. 2018 సెప్టెంబర్ 13న కార్ల్‌సన్‌ని శాన్ హొసేకి పంపేశారు. అన్నిటికీ మెథాట్ లేకపోవడమే కారణం అనను. పాదం ఆపరేషన్ ఉంది, జట్టు చెదిరిపోవడం ఉంది. కానీ నేను కాళ్ళని మాత్రమే లెక్కలో వేసుకున్నాను. ఇచ్చిన డబ్బుకి హామీ సంతకం పెట్టిన మనిషొకడు ఉన్నాడని మావయ్య అడిగేదాకా చూసుకోలేదు.

మావయ్యకి అది ఎందుకు తట్టిందో తర్వాత తెలిసింది. వాళ్ళ రైట్ బ్యాక్ కూడా ఇలాంటివాడేనట. బంతి దొరికితే చాలు, హాఫ్‌లని దాటుకుని ముందుకి పోయేవాడు. గోల్స్ కూడా కొట్టేవాడు. "వాడు కదిలాడంటే నేను మధ్యలోకి జరగాలి. చెప్పేవాడు కాదు. వాడి ఎడమ భుజం కిందకి వాలితే పోతున్నాడని గుర్తు. పదేళ్ళు ఆ భుజమే చూశాను" అన్నాడు. కోపంగా ఉండేదా అని అడిగాను. "ఎందుకు కోపం? వాడు పోతేనే గెలిచేవాళ్ళం. నేను లేకపోతే వాడు పోలేడు. ఆ సంగతి వాడికి తెలుసు, నాకు తెలుసు" అన్నాడు. ఆ రైట్ బ్యాక్ ఇప్పుడు లేడు.

అదే రోజు 1975 కౌలాలంపూర్ గురించి కూడా చెప్పాడు. ప్రపంచకప్ సెమీఫైనల్‌లో మలేసియా మీద 2-1తో వెనకబడి ఉన్నప్పుడు ఫుల్ బ్యాక్ మైకేల్ కిండోని తీసి ఇంకో ఫుల్ బ్యాక్ అస్లమ్ షేర్ ఖాన్‌ని దింపారు. పెనాల్టీ కార్నర్‌ని గోల్ చేసి అస్లమ్ స్కోరు సమం చేశాడు. హర్‌చరణ్ సింగ్ గోల్‌తో గెలిచి ఫైనల్‌కి పోయాం, పాకిస్తాన్ మీద 2-1తో కప్పు కొట్టాం. మన దగ్గర హాకీ అంటే ప్రాణం పెట్టే ఆ తరం వాళ్ళందరికీ అస్లమ్ కథ నోటికొచ్చు. మావయ్య మాత్రం కిండో పేరే ముందు చెప్పాడు. బయటికి పోతూ ఆయన ఎలా ఉన్నాడో అన్నదే తనకి ఆలోచనట.

ఇప్పటికీ మా ఇద్దరి లెక్క కుదరలేదు. కొలరాడో డిఫెన్స్‌మన్ కేల్ మకార్‌ని చూపిస్తే మావయ్య ముచ్చటపడ్డాడు. 2022లో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పు, నారిస్, ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడి అవార్డు మూడూ ఒకే ఏడాది తీసుకున్నవాడు. "వీడు పోయినా తిరిగొస్తాడు" అన్నాడు. మకార్ ఇప్పటి తరంలో అందరికంటే సంపూర్ణమైనవాడు, ఒప్పుకుంటాను. కానీ తలెత్తి ఆ పాస్ ఇవ్వడంలో కార్ల్‌సన్‌ని మించినవాణ్ణి నేను చూడలేదు. 2016 నారిస్ డ్రూ డౌటీకి కాకుండా అతనికే రావాల్సిందన్నది నా మాట. డౌటీకి ఇవ్వడమే సబబని మావయ్య. పిట్స్‌బర్గ్‌కి మారాక మొదటి సీజన్‌లో 101 కాస్తా 56కి పడిపోయినప్పుడు ఫోన్ చేసి ఏమీ అనలేదు, "కాళ్ళు పాపం" అన్నాడు.

మొన్న ఆదివారం పొద్దున్నే పాసింజర్ ఎక్కి వచ్చాడు. ఇడ్లీలు తిన్నాక 2017 బోస్టన్ మ్యాచ్ పెట్టమన్నాడు. ఆ పాస్ దగ్గరికి పోబోతే వద్దని, మొదటి నుంచి పెట్టించాడు. కుర్చీ టీవీ దగ్గరికి లాక్కుని, కళ్ళజోడు తుడుచుకుని, వేలు తెర మీదకి చూపించాడు. "ఆ మూడో నంబరు. వాణ్ణి తప్ప ఇంకెవర్నీ చూడకు."

ఇరవై నిమిషాలు చూశాం. కెమెరా పక్ వెంట పోతున్నప్పుడల్లా మెథాట్ తెర అంచున సగం కనిపించి మాయమవుతున్నాడు. కార్ల్‌సన్ పక్ తీసుకుని మధ్య గీత దాటిన ప్రతిసారీ మావయ్య కుర్చీలో కొంచెం కుడి పక్కకి జరుగుతున్నాడు.